నోట్లో నీళ్ళు, బుగ్గన చుక్క

చిన్న ఉల్లిపాయలు ఒలిచేటప్పుడు నోట్లో ఒక గుక్క నీళ్ళు పట్టి ఉంచుకుంటే కళ్ళు మండవని కోయంబత్తూరు పక్క మా ఆడవాళ్ళ నమ్మకం. ఈ ఉదయం సాంబారుకని గిన్నెడు ఉల్లిపాయలు ముందేసుకుని బుగ్గలు ఉబ్బించి కూర్చున్నాను. నీళ్ళు మొదట చల్లగా ఉంటాయి. కాసేపటికి నోటి వేడి పట్టి ఏ రుచీ లేకుండా పోతాయి. ఆ తర్వాత అవి నోట్లో ఉన్న సంగతే మరిచిపోయి మాట్లాడబోతాం. కళ్ళు మండడం మాత్రం ఏనాడూ మానలేదు. మా ఆయన గుమ్మంలో నిలబడి నన్ను చూసి ముసిముసిగా నవ్వుకున్నాడు. ఇద్దరమే ఉన్న ఇంటికి ఆయన సంచీ నిండా చిన్న ఉల్లిపాయలు ఎందుకు మోసుకొస్తాడో నాకు తెలుసు. నేను నోరు మూసుకునేది ఆ ఒక్క పూటే. ఆయనకు తెలియనిది ఏమంటే, ఆ నీళ్ళు నోట్లో ఉన్నంతసేపూ నేను వంటింట్లో ఉండను. సింగానల్లూరులో మోటార్ వైండింగ్ షాపు మీది మేడగదిలో, సౌందరం అక్క పక్కన, మింగలేక కక్కలేక కూర్చుని ఉంటాను.

ఆ మేడగది మా ఆఫీసు. ఆన్‌లైన్ శిక్షణ పాఠాలు తయారుచేయడం మా పని. మిల్లుల్లో, తోటల్లో, వర్క్‌షాపుల్లో పనిచేసేవాళ్ళు ఫోన్లో బొమ్మలు చూస్తూ, మాటలు వింటూ, అడిగిన ప్రశ్నలకు జవాబులు చెబుతూ పని నేర్చుకుంటారు. ఆ పాఠాల్లోకి కథలు, బొమ్మల ఊహలు నేనిచ్చేదాన్ని. పాఠాన్ని పబ్లిష్ చేయడానికి ముందు ఆ విషయం తెలిసిన పెద్దవాళ్ళకు, అంటే రివ్యూవర్లకు, పంపి వాళ్ళు చెప్పిన సవరణలు తెప్పించి సరిచేయడం అక్క పని. అంతకు ముందు ఆమె కారమడైలో లెక్కల టీచరు. రోజూ అక్కడి నుంచే బస్సులో వచ్చేది. బక్కపలచని మనిషి, గంజి పెట్టిన నూలు చీర, చేతిలో జీలకర్ర నీళ్ళ ఫ్లాస్కు. కాఫీ అన్నది జన్మలో ముట్టలేదు. కాఫీ తాగితే మనిషికి తొందర పుడుతుందనీ, తొందరలో అచ్చుతప్పులు పుడతాయనీ ఆమె సిద్ధాంతం.

నేను మేలూరు పక్కదాన్ని. మా ఊరివైపు రాళ్ళ క్వారీలు ఎక్కువ కాబట్టి నాకు కోతలు కోయడం పుట్టుకతో వచ్చిందని మా నాయన అనేవాడు. ఆఫీసులో చేరిన వారంలోనే అందరినీ చుట్టూ కూర్చోబెట్టుకుని మా ఇంట్లో చట్నీ నూరే అమ్మిరాయి కథ చెప్పాను. ఆడి నెలలో, అంటే ఆషాఢంలో, గాలికి అమ్మిరాయి కూడా ఎగురుతుందని మా దేశంలో సామెత. సామెత అంటే ఊరికే పుడుతుందా? మా ఇంట్లో నిజంగానే ఎగిరింది. మా అమ్మమ్మ చట్నీ నూరుతుండగా గాలి వచ్చి రాయిని గోడ మీదుగా లేపుకుపోయి పక్కింటి వాకిట్లో దించింది. ఆ పక్కింటావిడ ఎంత గడుసుదంటే, మిగిలిన చట్నీ తానే నూరుకుని, ఇడ్లీ తినేసి, అప్పుడు రాయి తిరిగిచ్చింది. అందరూ పడీ పడీ నవ్వారు. సౌందరం అక్క మాత్రం కళ్ళద్దాల పైనుంచి నన్ను చూసింది.

“గాలి ఏ పక్కనించి వచ్చెనే, రుక్కూ?”

“పడమటి నించి అక్కా. ఆడి గాలి గదా.”

“ఆ పక్కింటోళ్ళ ఇల్లు మీకు ఏ పక్క?”

నేను ఆలోచించకుండా, “పడమటే” అన్నాను.

“అట్లయితే రాయి గాలికి ఎదురుగా పోయిందా? సరి, సరి. బలమైన రాయే.”

అంతే, మళ్ళీ తన స్క్రీన్ వైపు తిరిగింది. అబద్ధమని అనలేదు. మా ఇంట్లో నా కోతలకు పడినవాళ్ళూ తిట్టినవాళ్ళూ ఉన్నారు గానీ, గాలి ఏ పక్కనుంచి వచ్చిందని అడిగినవాళ్ళు లేరు. ఆ రోజు నుంచి నేను ఏ కథ చెప్పినా మనసులో ముందు ఇళ్ళు ఏ దిక్కున ఉన్నాయో సరిచూసుకునేదాన్ని. అబద్ధానికైనా దిక్కులు సరిగ్గా ఉండాలని నాకు నేర్పింది ఆమె.

నీళ్ళ సంగతి నా మొదటి పాఠంతో మొదలైంది. మిల్లులో మంట లేస్తే ఎర్ర సిలిండరుతో ఎలా ఆర్పాలో చెప్పే పాఠం అది. రివ్యూవర్లకు పంపే ముందు, ఆ పని ఏమీ తెలియని ఒక మనిషికి పాఠం చూపించాలని అక్క నియమం. పక్క కొట్లో జాకెట్లు కుట్టే ఫిలోమినాను పిలుచుకొచ్చి స్క్రీన్ ముందు కూర్చోబెట్టింది. నాకు ఒక గ్లాసు నీళ్ళిచ్చి, “నోట్లో పోసుకో. మింగవద్దు, ఉమ్మవద్దు. ఆ పొణ్ణు ఫిలోమినా ముగించేవరకు అట్లే ఉండు” అంది. చిన్నప్పుడు ఉల్లిపాయలు ఒలిచేటప్పుడు వాళ్ళ అవ్వ అలాగే కూర్చోబెట్టేదట. కళ్ళ మంట తగ్గిందో లేదో గానీ ఇంట్లో పోట్లాటలు తగ్గాయట.

ఫిలోమినా బాగానే చూస్తూ పోయింది. సిలిండరు మీట నొక్కే చోట ఆగింది. నొక్కింది. పాఠం ‘తప్పు’ అంది. మళ్ళీ నొక్కింది. మళ్ళీ తప్పు. “అయ్యో సామీ, నేనేం చేసినాను!” అని చేతులు వెనక్కు తీసుకుంది. ముందు పిన్ను లాగాలి, పిన్ను! నా లోపల ఆ మాట ఆడి గాలిలా లేచింది. నేను నోరు తెరిచాను. నోట్లో ఉన్నది అంతా అక్క గంజి చీర మీద, కీబోర్డు మీద, కాస్త ఫిలోమినా మల్లెపూల మీద పడింది. ఎదుటి గోడ మీదున్న క్యాలెండరు కూడా తడిసిందని తర్వాతి రోజుల్లో నేను చెబుతూ వచ్చాను గానీ, అంత దూరం పోలేదు.

అక్క కొంగుతో కీబోర్డు తుడుస్తూ తాపీగా అడిగింది: “ఏం చెప్పబోతివి?”

“పిన్ను ముందు లాగాలని...”

“అది పాఠంలో యాడుండాది?”

“బొమ్మలో పిన్ను ఉంది గదక్కా!”

“ఉంటే? నువ్వు ఒక్కొక్క మిల్లుకూ పోయి పక్కన నిలబడి చెబుతావా? మంట లేచినప్పుడు నిన్ను ఫోన్ చేసి పిలిపిస్తారా? నీ నోరు యాడ తెరుచుకోబోతాదో, ఆడ దా, ఆడనే పాఠంలో చిల్లు. మళ్ళీ నీళ్ళు పోసుకో.”

ఆ పాఠంలో నేను బుగ్గలు బిగపట్టుకున్న చోటల్లా గుర్తు పెట్టుకుని సరిచేశాను. తర్వాత చూసిన మనిషి ఎక్కడా ఆగలేదు. మాటలు అమ్ముకుని బతికే నాలాంటి దానికి అది పెద్ద అవమానం. నేను పక్కన లేకుండానే నా మాట పనిచేయడం ఏమిటి? చాలా రోజులకు గానీ అది అవమానం కాదని అర్థం కాలేదు.

ఇక చుక్క. చేతులు శుభ్రంగా కడుక్కోవడం మీద పాఠం ఒకటి రివ్యూకు పోతుండగా, అందులో ఒక బొమ్మలో కొళాయి తలకిందులుగా ఉండడం చూశాను. నీళ్ళు ఆకాశంలోకి పోతున్నాయి. నేను గాభరాగా పరుగెత్తి అక్కకు చెప్పాను. ఆమె ఎప్పుడూ నవ్వనంతగా నవ్వింది.

“చూసినావా? మంచి కన్నే నీది. అది నేను పెట్టినదే.”

“తప్పు మీరే పెట్టారా?”

“బిడ్డను నలుగురిలోకి తీసుకుపోతే బుగ్గన కాటుక చుక్క పెట్టమా? చుక్క చూసినోళ్ళు మొగం చూసినోళ్ళు. చుక్క గురించి అడగకుండా ‘బిడ్డ భలే ఉండాది’ అనేవాడు బిడ్డను చూడనే లేదని అర్థం.”

ఆమె రివ్యూకు పంపే పాఠం ప్రతిదానిలోనూ ఇలాంటి చుక్క ఒకటి ఉండేదట. పబ్లిష్ చేసే ముందు తీసేసేది. దాన్ని పట్టుకున్న రివ్యూవరు ఎంత కోపంగా రాసినా, “ఈయప్ప చదివినాడే” అని మురిసిపోయి, ప్రతి సవరణనూ కళ్ళకద్దుకుని చేసేది. అప్పటిదాకా సవరణలు రాసేవాళ్ళంటే నాకు మంట. నేను కట్టిన ఇంట్లో దూరి దూలాలు పీకేవాళ్ళనుకునేదాన్ని. పాఠాన్ని పూర్తిగా చదివినవాడికే కోపం వస్తుందని ఆ రోజు తెలిసింది. చుక్కకు ఆమె పెట్టిన నియమం ఒకటే: పొరపాటున అది బయటికి పోయినా ఎవరికీ హాని జరగకూడదు. “చుక్క కాటుకతో పెట్టాల. వాతతో కాదు.” ఈ రహస్యం నాకొక్కదానికే చెప్పింది. రహస్యం దాచడానికి నన్ను ఎంచుకోవడం ఆమె జీవితంలో చేసిన ఒకే ఒక్క దుస్సాహసం.

కారమడై చుట్టుపక్కల కరివేపాకు తోటలు ఎక్కువ. ఆ రైతుల సంఘమొకటి, తోటల్లో పురుగుమందు కొట్టేవాళ్ళకు జాగ్రత్తలు చెప్పే పాఠం కావాలని మా దగ్గరికి వచ్చింది. అక్క తమ్ముడు రంగన్ ఆ తోటల్లోనే మందు కొట్టేవాడు. పాఠం తయారు కాగానే మొదటి వరుసలో చూడబోయేవాడు అతనే. అక్క ఆ పాఠాన్ని పాలు కాచినట్టు పక్కనే ఉండి చేయించింది. నేను అందులో మారియప్పన్ అనే వీరుణ్ణి పుట్టించాను. చేతులకు తొడుగులు, ముక్కుకు మాస్కు, వీపున మందు ట్యాంకు, చేతిలో పైపు. అంతా సక్రమంగా ఉంది గానీ మనిషిలో ఠీవి లేదనిపించింది. భుజాన ఎర్ర తుండు వేయించి, అది రథం మీద జెండాలా వెనక్కు రెపరెపలాడేలా బొమ్మ గీయించాను. ఆఫీసంతా మెచ్చుకుంది. అక్క కూడా, “మాపిళ్ళై మాదిరి ఉండాడే” అంది. ఆమె నోట పెళ్ళికొడుకులా ఉన్నాడన్న మాట రావడం నాకు పద్మశ్రీ వచ్చినంత. ఆమె పెట్టిన చుక్క ఏమిటంటే, వెనక వరుసలో ఒక కరివేపాకు మొక్కకు వంకాయ వేలాడుతోంది.

రివ్యూకు మేలూరులో ఉన్న వరదరాజులు అయ్యాకు పంపాం. వ్యవసాయ శాఖలో పనిచేసి రిటైరైన పెద్దమనిషి, ఇంట్లో మాలాగే తెలుగు మాట్లాడేవాడు. మర్నాడే ఫోన్లో జవాబొచ్చింది: “సూపర్ అమ్మా. అంతా సరిగా ఉండాది. పబ్లిష్ చేసేయండి.” అక్క వంకాయ వైపు చూసింది. వంకాయ అలాగే వేలాడుతోంది.

మా ఓనరు తంగరాజు మంచివాడే గానీ, తేదీ అంటే ప్రాణం. “అయ్యా సరే అన్నాడు గదక్కా. ఆ వంకాయ తీసేసి పబ్లిష్ చేసేద్దాం. ఎల్లుండి సంఘం మీటింగులో చూపిస్తామని మాటిచ్చినాను.”

“చుక్క తుడిచేస్తే సరిపోతాదా తంబీ? ఎవురూ చూడలేదని దా నాకు తెలిసింది. చూడని పాఠం బయటికి పోకూడదు.”

“మీరు చూసినారు, నేను చూసినాను, రుక్కు చూసింది.”

“మనం చేసినోళ్ళం. మన కంటికి మన బిడ్డ ఎప్పుడూ రాజకుమారుడే.”

తంగరాజు గొంతు పెరిగింది. ఈ ఒక్క పాఠం ఆలస్యమైతే సంఘం మిగతా పాఠాలు ఇంకొకరికి ఇస్తుందన్నాడు. అక్క కుర్చీలోంచి లేచి ఫ్లాస్కు మూత బిగించింది. “అట్లయితే పాఠం చివర రివ్యూ చేయించినది సౌందరం అని ఉండాది గదా, ఆ పేరు తీసేసి పబ్లిష్ చేసుకో. రేపటినించి నేను రాను. విషం మందు పాఠం, తంబీ. చీర మడతపెట్టే పాఠం కాదు.” ఆఖరికి తంగరాజు ఒక రోజు గడువిచ్చాడు.

మర్నాడు తెల్లవారక ముందే, మేలూరులో అయ్యా ఇంటికని ఇద్దరం బస్సెక్కాం. మదురై ఆరప్పాళయంలో దిగి టౌను బస్సులో మాట్టుతావణి చేరాం. ఆ టౌను బస్సులో ఎంత జనమంటే, నేను వదిలిన ఊపిరి పక్కావిడ పీల్చుకుంది. మాట్టుతావణిలో కూరగాయల లారీలు దింపుతున్నారు. కరివేపాకు మూటలు కుప్పలుగా పడి ఉన్నాయి. అక్క ఒక రెమ్మ తీసి నలిపి వాసన చూసి, “మా పక్కదే” అంది. ఆ రెమ్మను పారేయకుండా చేతిసంచీలో వేసుకుంది. బస్టాండు ముందు కొట్లో ఇద్దరం నిలబడి డబరాలో ఫిల్టర్ కాఫీ తాగాం. ఆమె ఊదుకుంటూ, ఒక్కో గుటకే ఆస్వాదిస్తూ తాగింది. “ఆయన చూసే ఉండి, నేను దా సుమ్మా, ఊరికే అలజడి చేస్తుండానేమో, రుక్కూ” అంది. ఆమెకు అనుమానం రావడం నేను చూసింది ఆ ఒక్కసారే.

అక్కడ ఇంకో బస్సెక్కి మేలూరు చేరేసరికి వరదరాజులు అయ్యా వాకిట్లోనే ఎదురొచ్చాడు. “ఫోన్లో చూసి చెప్పేసినాను గదమ్మా! ఇంత దూరం ఎందుకు?” అన్నాడు గానీ, ముఖంలో బెదురుంది. అక్క చూశారా లేదా అని అడగలేదు. “మా ఆఫీసు వాడుక అయ్యా. పెద్దవాళ్ళు చూస్తుంటే మేము పక్కన కూచోవాల. రెండు గ్లాసులు నీళ్ళిప్పించండి” అంది. నీళ్ళు వచ్చాయి. ఇద్దరం ఒక్కో గుక్క పోసుకుని, బుగ్గలు ఉబ్బించుకుని, చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాం. ఆయన మా ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు. “ఏమ్మా, ఇద్దరికీ పల్లు నొప్పా?” అన్నాడు. అక్క తల అడ్డంగా ఊపి ల్యాప్‌టాప్ ఆయన వైపు తిప్పింది.

పెద్ద స్క్రీన్‌లో పాఠం మొదలైంది. ఆయన నెమ్మదిగా, ముక్కు దాదాపు తెరకు ఆనించి చూస్తున్నాడు. కాసేపటికి పెద్దగా నవ్వాడు. ఆ నవ్వుకు కిటికీ మీది కాకి లేచి మదురైలో వాలింది. “ఇదేందమ్మా, కరివేపాకు చెట్టుకు వంకాయ కాస్తుండాది! మీ కారమడైలో అట్లనా?” నేను అక్క వైపు చూశాను. ఆమె కళ్ళు మెరిశాయి. పని అయిపోయింది, ఇక లేవడమే అనుకున్నాను. ఆయన మాత్రం మారియప్పన్ బొమ్మ దగ్గర ఆగిపోయాడు. కళ్ళద్దాలు తీసి తుడుచుకుని మళ్ళీ పెట్టుకున్నాడు.

“గాలి ఏ పక్కనించి వస్తుండాది?”

ఆ ప్రశ్న నాకు బాగా తెలుసు. అక్క మెడ నిటారుగా బిగుసుకుంది. ఇద్దరి నోళ్ళలోనూ నీళ్ళు. ఆయన లేచి, తన భుజాన ఉన్న తుండును అలాగే వదిలి, బల్ల మీది ఫ్యానుకు ఎదురుగా వెళ్ళి మందు కొట్టేవాడిలా చెయ్యి చాపి నిలబడ్డాడు. తుండు అచ్చం మా వీరుడిదానిలాగే వెనక్కు ఎగిరింది. “చూడండి. గాలి ఎదురుగా వస్తే దా తుండు ఇట్ల ఎగురుతాది. ఇప్పుడు నేను మందు కొడితే అంతా ఎవురి మొగాన? నా మొగాన దా.”

అక్క గుటక వేసింది. ఇన్నేళ్ళలో ఆమె నోట్లో నీళ్ళు మింగడం నేను చూసింది అప్పుడే. “మా రంగన్...” అంది.

ఆయన కుర్చీలో కూలబడి, మా వైపు చూడకుండా చెప్పాడు: “ఫోన్లో ఈ మనిషి ఆవగింజంత ఉన్నాడమ్మా. నా కన్ను సరిగా లేదు. కనబడలేదని చెప్పుకునేదానికి సిగ్గయ్యె. సూపర్ అనేసినాను.”

“సిగ్గు మాకూ ఉండాదయ్యా” అంది అక్క. “మేము ఇంత పెద్ద తెరలో చూసినా కనుక్కోలేదు. ఈ పిల్ల రాయి ఎగిరిందంటే గాలి ఏ పక్కని అడిగినాను. తుండు ఎగిరితే అడగలేదు.” తర్వాత నా వైపు తిరిగింది. “నేను పెట్టిన చుక్క మీదనే నా కన్ను కూడా నిలిచిపోయిందే, రుక్కూ. వంకాయ ఉండాదా, ఉండాదా అని చూస్తుంటి. దిష్టి నాకే తగిలింది.”

తిరుగు బస్సులో ఆమె సంచీలోని కరివేపాకు రెమ్మ తీసి వేళ్ళతో తిప్పుతూ కూర్చుంది. దిండిగల్ దాటాక, “నీ కథ తీసేయవద్దు” అంది. “తుండు కూడా ఉండనీ. దాన్ని ముందుకు ఎగరనీ. గాలి వీపున కొట్టేటట్లు చేయి. అప్పుడు తుండే పాఠం చెబుతాది.” అలాగే చేశాం. మారియప్పన్ తుండు అతని ముందుకు జెండాలా సాగింది. ఠీవి ఏమీ తగ్గలేదు. సంఘం మీటింగు పాఠం లేకుండా జరిగిపోయింది. ఆ వారంలోనే వాళ్ళు మరోసారి కూర్చుని చూశారు. తంగరాజు భయపడినట్టు మిగతా పాఠాలు ఎక్కడికీ పోలేదు. కొన్నాళ్ళకు అక్క ఒక ఉదయం ఫ్లాస్కు బల్ల మీద పెడుతూ, “మా తమ్ముడు మందు కొట్టే ముందు తుండు కొస పట్టుకుని పైకెత్తి చూస్తుండాడే” అంది. “పక్క తోటోళ్ళు నవ్వినారంట. ఇప్పుడు వాళ్ళూ ఎత్తుతుండారు.” ఆ మాట చెప్పినప్పుడు ఆమె ముఖంలో ఉన్న తృప్తిని నా కోతలతో పెంచి చెప్పాల్సిన పని లేదు.

అక్క ఇప్పుడు లేదు. ఆమె పోయిందని తెలిసి కారమడై వెళ్ళిన రోజు ఇంటి వాకిట్లో రంగన్ భుజాన తుండు గాలికి కదులుతుంటే, గాలి ఏ పక్కనుంచి వస్తోందా అని చూశాను. అందరూ ఆమె గురించి ఏదైనా చెప్పమన్నారు. నాకు ఒక్క కథా రాలేదు. ఆఫీసులో ఆమె కుర్చీలో ఇప్పుడు నేను కూర్చుంటున్నాను. కొత్తగా చేరినవాళ్ళకు గ్లాసు నేనే అందిస్తాను. చుక్క కూడా పెడతాను, కాటుకతోనే. చుక్క పెట్టాక ఆ వైపు చూడకుండా మిగతా ముఖమంతా వెతకడం మాత్రం ఆమె దగ్గర నుంచి కాదు, ఆమెతో కలిసి నేర్చుకున్నాను.

మా ఇళ్ళలో తెలుగు నాలుక మీద ఉంటుంది, వేళ్ళలోకి దిగదు. బడి అంతా తమిళం. ఈ అక్షరాలు నేను నడివయసులో కూడబలుక్కుని నేర్చుకున్నవి. కాబట్టి దీన్ని కూడా రివ్యూకు పంపినట్టే మీకు పంపుతున్నాను, నియమం తప్పకుండా. అక్క కాఫీ జన్మలో ముట్టలేదని మొదట్లో రాశాను. మాట్టుతావణిలో ఆమె చేత డబరా కాఫీ తాగించాను. అక్కడ ఆగినవాళ్ళు నిజంగా చదివినవాళ్ళు, వాళ్ళకు నా దండం. ఆ రెండింటిలో ఏది నిజమంటారా? చెప్పలేను. మీరు చదువుతున్నారు గదా, నా నోట్లో నీళ్ళున్నాయి.